పేరు చెప్పని ప్రార్థన

ఆ ఏడు వానలు ముందుగానే దిగాయి. పెయింట్ల కొట్టు మీద మేము అద్దెకు తీసుకున్న ప్రార్థన హాలుకి పైన రేకులే. నాలుగు చినుకులు పడితే చాలు, పాస్టరుగా వాక్యం చెబుతున్న మా ఆయన గొంతు మూడో వరస కుర్చీలు దాటేది కాదు. అందుకని సంఘం వాళ్ళు తలా ఒక చెయ్యి వేసి మైకు, రెండు స్పీకర్లు తెచ్చి పెట్టారు. అప్పటిదాకా పక్కమనిషికి కూడా వినపడనంత నెమ్మదిగా మాట్లాడిన మనిషి, మైకు చేతికొచ్చాక గొంతు విప్పారు. "వంటింట్లో కూడా స్పీకర్లు పెట్టిస్తారా ఏం?" అని నేను ఆటపట్టించేదాన్ని. ఆ వానాకాలం గడిచాక ఆ విషయంలో ఆటపట్టించడానికి నాకు నోరు రాలేదు.

హాలు వెనక ఉన్న రెండు గదుల్లో మేముండేవాళ్ళం. సంఘంలో నలభై కుటుంబాలు. అందులో అందరికీ కావలసిన మనిషి టైలరమ్మ. పాట ఎత్తుకోవాలన్నా ఆమే, చిరిగిన జంపఖానా కుట్టాలన్నా ఆమే. వెనక వీధిలో ఒక మిషను పట్టేంత కొట్టు. మొగుడు నీళ్ళ డబ్బాల వ్యాను నడుపుతాడు. తొమ్మిదేళ్ళ కూతురు. మొగుడు ప్రార్థనకి నెలకోసారి వస్తే వచ్చినట్టు, వచ్చినా మెట్ల దగ్గర చివరి కుర్చీలో కూర్చుని, చివరి పాట అందుకునేలోపే దిగిపోయేవాడు.

ఒక గురువారం మధ్యాహ్నం టైలరమ్మ కిటికీలకి కొలతలు తీసుకోవడానికి వచ్చింది. ఎదురు మేడ మీద కొత్తగా వ్యాయామశాల పెట్టారు. అక్కడ బరువులెత్తే కుర్రాళ్ళు మా కిటికీల్లోంచి కనపడుతున్నారనీ, మన ఆడపిల్లల చూపు వాక్యం మీద నిలవడం లేదనీ సంఘ పెద్ద ఒకటే గోల. అందుకని కర్టెన్లు. ఆమె స్టూలెక్కింది. నేను కింద టేపు చివర పట్టుకున్నాను. ఆమె ఎడమ చేతి రెండు వేళ్ళకీ కలిపి గుడ్డ చుట్టి ఉంది.

"మిషను సూది దిగిందా?" అన్నాను.

ఆమె పెదాల మధ్య ఉన్న గుండుసూదులు తీసి అరచేతిలో పెట్టుకుంది. "సూది అయితే ఒక్క వేలికే దిగేదిగా, అమ్మగారూ," అంది.

ఆ తర్వాత టేపు చూసుకుంటూనే మిగతాది చెప్పింది. బడికి సెలవులిచ్చే రోజున పాపని బడి దగ్గర నుంచే తీసుకుని వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోతుందట. అక్క తను పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో మాట్లాడి ఉంచిందట. సెలవులకి ఇంకా పదహారు రోజులున్నాయి.

"ఎవరికీ చెప్పకండి అమ్మగారూ."

"నేనెందుకు చెబుతాను? అయినా నాకు మాత్రం ఎందుకు చెప్పావమ్మా?"

"ఎవరో ఒకళ్ళకి తెలిసుండాలిగా. దారిలో ఏమన్నా అయితే మా అక్కకి కబురు చెయ్యడానికన్నా."

ఆమె స్టూలు దిగి, కొలతలు చిన్న పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయింది. రెండు రోజులు ఆ మాట లోపల పెట్టుకుని తిరిగాను. నీళ్ళ వ్యాను చప్పుడు వినపడితే చాలు, ఉలిక్కిపడేదాన్ని. శనివారం సాయంత్రం మా ఆయన బూట్లు పాలిష్ చేసుకుంటుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చిన సంగతి నాకు గుర్తుంది. కానీ కట్టుకున్న మొగుడు ఆ 'ఎవరికీ'లోకి వస్తాడా అనుకున్నాను. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నేను ఆయనకి చెప్పనిది అంటూ లేదు. పాస్టరుగారి భార్యకి అది సుఖం కూడా. సంఘంలో ఎవరి కష్టం విన్నా, తెచ్చి ఆయన ముందు దింపుకుంటే నా బరువు దిగిపోయేది.

ఆయన బ్రష్షు పక్కన పెట్టేశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మన కళ్ళముందు తిరిగే మనిషి. ఇన్నాళ్ళూ కనిపెట్టలేకపోయాం చూడు," అన్నారు. "రేపు ప్రార్థనలో పెడతాను."

నేను తలూపాను. దాని గురించి తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నానో నాకే తెలుసు. వద్దని ఒక్క మాట అనుంటే సరిపోయేది.

మా ఆయనకి ఒక పద్ధతుంది. వాక్యం అయ్యాక అందర్నీ కళ్ళు మూసుకోమని, ఆ వారం తన దగ్గరికి వచ్చిన కష్టాలన్నీ ఒక్కొక్కటిగా దేవుడికి విన్నవిస్తారు. ఎవరి పేరూ చెప్పరు. "ఆపరేషనుకి వెళ్ళబోతున్న ఒక తండ్రి," అంటారు. "పరీక్ష పోయిన ఒక బిడ్డ," అంటారు. పేరు చెప్పకపోవడమే మర్యాద అని ఆయన నమ్మకం, అందులో కొంచెం గర్వం కూడా ఉండేది. నిజానికి నలభై కుటుంబాలకి పేర్లెందుకు? కళ్ళు మూసుకునే అందరం పోల్చుకునేవాళ్ళం. మోకాళ్ళంటే పాలబూతు ఆవిడ. తప్పిపోయిన కొడుకంటే రిటైరైన గుమాస్తా. బయటికొచ్చి మెట్లు దిగుతూ, "పాపం, మీవాడి సంగతేనా?" అని నేరుగా ఆ మనిషినే పలకరించేవాళ్ళు. దాన్ని మేము ప్రేమ అనుకునేవాళ్ళం.

ఆ ఆదివారం టైలరమ్మ మొగుడు వచ్చాడు. వాన కుండపోతగా కురుస్తోంది. నీళ్ళ డబ్బాల వ్యాపారానికి వానలో గిరాకీ ఉండదు కాబట్టి వచ్చుంటాడు. చివరి కుర్చీలో కూర్చున్నాడు. నేను చూశాను. మా ఆయన చూశారో లేదో నేనెప్పుడూ అడగలేదు.

ఆయన మైకు దగ్గరికి తీసుకుని మొదలుపెట్టారు. ఆపరేషను, పరీక్ష, మోకాళ్ళు అయ్యాయి. తర్వాత మైకు రెండు చేతులా పట్టుకున్నారు. "తండ్రీ, నీ కుమార్తె ఒకామె ఉంది. పొద్దస్తమానం కష్టపడే ఆ చేతులు దెబ్బలు తింటున్న సంగతి నీకు తెలుసు. బిడ్డని తీసుకుని తన అక్క ఇంటికి బయలుదేరబోతున్న ఆ ప్రయాణంలో నువ్వే తోడుండు. సెలవుల రోజున ఆ ఇద్దరి అడుగుల్నీ నువ్వే కాపాడు."

నేను కళ్ళు తెరిచాను. హాలంతా తలలు వంచి ఉంది. ఆడవాళ్ళ వైపు రెండో వరసలో టైలరమ్మ కూడా అలాగే ఉంది, కదల్లేదు. చివరి కుర్చీలో ఆమె మొగుడు మాత్రం కళ్ళు తెరిచి ఆమె వీపు వైపు చూస్తున్నాడు. కోపం కనపడలేదు. కొత్త వీధిలో డబ్బా దింపేముందు తలుపు మీద నెంబరు సరిచూసుకునేవాడిలా ఉన్నాడు. ప్రార్థన ముగిశాక అందరితో పాటు అతనూ ఆమెన్ అన్నాడు.

భోజనాల దగ్గర మా ఆయనతో చెప్పాను. ముద్ద చేతిలోనే ఉండిపోయింది ఆయనకి.

"పేరు చెప్పలేదుగా," అన్నారు.

"చేతులన్నారు. అక్కన్నారు. బిడ్డన్నారు. సెలవులన్నారు. ఇంకేం మిగిలింది?"

"పేరయితే చెప్పలేదు."

"అతను కళ్ళు తెరిచే ఉన్నాడండీ."

"నేను దేవుడితో మాట్లాడుతున్నాను. అతనితో కాదు," అన్నారు. ఆ మాట అన్నాక తనకే ఎలాగో అనిపించి లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆ రోజంతా మళ్ళీ భోజనం ఊసెత్తలేదు.

మంగళవారం నేను కొట్టుకి వెళ్ళాను. టైలరమ్మ మిషను మీద పనిలో ఉంది. పక్కన పాప కూర్చుని బొమ్మలేసుకునే చిన్న పీట ఖాళీగా ఉంది.

"నిన్న పొద్దున్నే పాపని ఊళ్ళో మా అత్త దగ్గర దింపొచ్చాడు," అంది తలెత్తకుండానే. "ఇక అక్కడే బళ్ళో వేస్తాడంట."

"చెయ్యి చేసుకున్నాడా?"

"లేదు. పల్లెత్తు మాట కూడా అనలేదు. పాప లేకుండా నేనెక్కడికీ పోనని అతనికి తెలుసుగా. ఇంకెందుకు కొట్టడం?"

"నేను ఆయనొక్కరికే చెప్పానమ్మా," అన్నాను. నాకే సిగ్గేసింది.

ఆమె మిషను ఆపింది. "నాకు తెలుసు అమ్మగారూ. మీరు ఇంకెవరికి చెబుతారు? అయ్యగారికి ఒక్క మాట చెప్పండి. ఇక నాకోసం ప్రార్థన చెయ్యొద్దని చెప్పండి."

ఆ మాట నేను మోసుకొచ్చి ఆయనకి అప్పగించాను. పాతికేళ్ళుగా సంఘాలు నడిపిన మనిషికి అంతకంటే పెద్ద మాట ఇంకొకటుంటుందనుకోను. ఆయన కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు బయటికి చూశారు. ఎదురు మేడలో కుర్రాళ్ళు బరువులెత్తుతున్నారు.

అంతటితో ఆగినా బాగుండేది. తర్వాతి ఆదివారం టైలరమ్మ మొగుడు అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ప్రార్థన అయ్యాక మా ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. "మీ ప్రార్థన వల్లే నా కాపురం నిలబడింది అయ్యగారూ," అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు వినేలా. "కళ్ళు తెరిపించారు."

అందులో వెటకారం ఎంతో నిజం ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. సంఘం మాత్రం పొంగిపోయింది. సంఘ పెద్ద అయితే, "చూశారా, ప్రార్థనకి జవాబు రావడమంటే ఇదీ," అని కనపడ్డవాళ్ళకల్లా చెప్పాడు. దేవుడు చేసిన మేలు గురించి సంఘం ముందు అతని చేత సాక్ష్యం చెప్పిద్దామన్నాడు. వారం వారం అతను రావడం, చెయ్యి కలపడం, పక్కన టైలరమ్మ తలవంచుకుని నిలబడటం, జనం మా ఆయన్ని మెచ్చుకోవడం. ఆయన మనిషి సగమైపోయారు. ఒకరోజు నాతో అన్నారు, "ఈ వారం అందరి ముందూ నా తప్పు ఒప్పేసుకుంటాను. మైకులోనే. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. ఇక నావల్ల కాదు."

నాకు అది మంచిదే అనిపించింది. అయినా ఒకసారి ముసలి అయ్యగారిని అడుగుదామన్నాను. ముసలి అయ్యగారు మా ఆయనకి పని నేర్పినాయన. కూతురింట్లో ఒక గదిలో ఉంటున్నారు. బస్సెక్కి, తడుచుకుంటూ వెళ్ళాం. మేము వెళ్ళేసరికి ఆయన మంచం మీద గొడుగు పరుచుకుని విరిగిన ఊచకి తీగ చుడుతున్నారు. చూపు సరిగా ఆనక వేళ్ళతో తడుముకుంటున్నారు. మా ఆయన అంతా చెప్పేదాకా తీగ చుడుతూనే విన్నారు.

"ఆదివారం అందరి ముందూ ఒప్పుకుందామని ఉందయ్యా," అన్నారు మా ఆయన.

"ఎందుకు?"

"గుండె బరువు మోయలేకపోతున్నాను."

"నీ బరువు దిగడానికి ఆ పిల్ల మళ్ళీ అందరి ముందూ నిలబడాలా? మొదటిసారి సగంమందికి తెలిసింది. ఈసారి మిగతా సగానికీ నువ్వే చెబుతానంటున్నావు."

మా ఆయన తడిసిన చొక్కా అంచు పిండుకున్నారు.

"ఏడుస్తావు కూడా," అన్నారు ముసలి అయ్యగారు. "నువ్వు ఏడిస్తే జనం కరిగిపోతారు. ఎంత మంచి పాస్టరో అంటారు. ఆ పిల్ల గురించి ఎవడికి గుర్తుంటుంది?"

"మరి ఏం చెయ్యమంటారు? చేసిన తప్పుకి మెచ్చుకుంటున్నారయ్యా నన్ను."

"మెచ్చుకోనీ. పడు. అదే నీ శిక్ష అనుకో." ఆయన గొడుగు పక్కన పెట్టారు. "ఆమె కొట్టుకి వెళ్ళు. పగలు వెళ్ళు, మీ ఆవిణ్ణి తీసుకుని వెళ్ళు, తలుపు తెరిచే ఉంచండి. తప్పు చేశానని చెప్పు. మంచి ఉద్దేశంతోనే చేశానని మాత్రం అనకు. ఆ మాట అన్నావంటే క్షమాపణ అడగడానికి వెళ్ళి వాదించి వచ్చినట్టే. క్షమించానని ఆమె చేత అనిపించుకోవాలని చూడకు. ఏమీ అనకపోయినా వచ్చెయ్. ఆ సాక్ష్యం సంగతి నీ చేతిలో పని, దాన్ని ఆపు."

తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వెందుకు చెప్పావే తల్లీ ఇతనికి?"

"ఒక్కదాన్నే మోయలేక," అన్నాను.

"మోయలేకపోతే దేవుడికి చెప్పాల్సింది. ఆయనకి మైకు లేదు." నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు. "నేను యాభై ఏళ్ళు చేశానమ్మా ఈ పని. నా మీద కోపం వచ్చి సంఘం వదిలినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. వాళ్ళ ఇంటి గుట్టు నా ప్రార్థనలో విని వదిలినవాళ్ళకి లెక్కలేదు. ఆలస్యంగా తెలుసుకున్నాను. అప్పటికి వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారో కూడా తెలియదు."

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన నన్ను చెప్పులేసుకోమన్నారు.

కొట్టుకి ఇద్దరం కలిసే వెళ్ళాం. ఆయన లోపలికి కూడా వెళ్ళకుండా గుమ్మం దగ్గర నిలబడ్డారు. చొక్కా భుజాలు తడిసిపోయాయి. "నీ విషయం నేను పదిమందిలో పెట్టానమ్మా. తప్పు నాది. దానివల్ల నీ బిడ్డ నీకు దూరమైంది. నేను తిరిగి తెచ్చివ్వలేను," అన్నారు. అక్కడితో ఆగారు. ఇంకేదో అనబోయి ఆపుకోవడం నేను చూశాను.

టైలరమ్మ మిషను ఆపలేదు. కుట్టు చివరిదాకా లాగి, దారం పంటితో కొరికింది.

"సరేనండీ," అంది. తర్వాత నన్ను చూసి, "కర్టెన్లకి లోపల రెండో గుడ్డ వెయ్యనా, ఒంటిపొరే చాలా?" అని అడిగింది.

"ఒంటిపొర చాలు," అన్నాను.

"కనపడకుండా ఉండాలంటే రెండు పొరలే మంచిది," అంది. అలాగే వెయ్యమన్నాను.

సాక్ష్యం సంగతి మా ఆయన ఆపించారు. సంఘ పెద్ద అలిగాడు. ఎందుకు వద్దంటున్నారో చెప్పమని నిలదీశాడు. చెప్పలేదు. ప్రార్థన పద్ధతి కూడా మారిపోయింది. వాక్యం అయ్యాక, "ఎవరి కష్టం వాళ్ళు మనసులో చెప్పుకోండి," అని మైకు ఆపేసేవారు. రెండు నిమిషాలు రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. చాలామందికి నచ్చలేదు. అయ్యగారిలో మునుపటి ఆత్మ లేదన్నారు. పాలబూతు ఆవిడ, "నా మోకాళ్ళని మర్చిపోయారు," అని నా దగ్గర నిష్ఠూరమాడింది.

బుధవారాలు పగలు పదకొండు గంటలకి ఆడవాళ్ళ ప్రార్థన. టైలరమ్మని మొగుడే వ్యానులో తీసుకొచ్చి దింపేవాడు, ఒంటిగంటకి వచ్చి ఎక్కించుకునేవాడు. మిగతా రోజుల్లో కొట్టుకీ ఇంటికీ తప్ప ఎక్కడికీ పంపేవాడు కాదు. "ఇక్కడయితే నాకు బెంగలేదు అయ్యగారూ. ఇక్కడ ఏదన్నా ఉంటే నాకు తెలుస్తుంది," అనేవాడు. మా ఆయన ఆ మాట విన్నప్పుడల్లా మెట్ల రెయిలింగు పట్టుకునేవారు.

వానలు తగ్గుముఖం పట్టిన ఒక బుధవారం, అందరూ వెళ్ళాక, టైలరమ్మ కర్టెన్ల మూట విప్పి నాకు చూపిస్తూ అంది, "మీ ఫోను నెంబరు ఒకరికి ఇచ్చాను. నా ఫోను అతను చూస్తాడు."

"ఎవరికి?"

"మా అత్తకి."

నేను తెల్లబోయాను. అతని తల్లికా అన్నాను.

"పాపని తనే తీసుకొస్తానంది. వచ్చే బుధవారం. ఆవిడ చెయ్యి మీరెప్పుడూ చూళ్ళేదు కదా? నాకు రెండు వేళ్ళు. ఆవిడకి నాలుగు. మా మామ చేసిన పని." కర్టెన్ మడత సరిచేసింది. "బస్టాండుకి రాగానే మీకు ఫోను చేస్తుంది. పెయింట్ల గోడౌను వైపు వెనక మెట్లున్నాయిగా, తలుపు తీసి ఉంచితే చాలు."

"ఉంచుతాను."

ఆమె ఇంకా నిలబడే ఉంది. ఏం అడగాలనుకుంటోందో నాకు అర్థమైంది. "ఆయనకి చెప్పను," అన్నాను.

"పోయినసారీ చెప్పనన్నారు."

"అన్నాను."

"నమ్మి అడగట్లేదు అమ్మగారూ. వేరే దారి లేక అడుగుతున్నాను," అంది. ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

ఆ వారం రోజులు నేను ఎలా గడిపానో చెప్పలేను. ఒకే కప్పు కింద, ఒకే కంచం పక్కన కూర్చునే మనిషి దగ్గర మాట దాచడం నాకు చేతకాదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. శుక్రవారం ఆయన నా మొహంలోకి చూసి, "ఏమన్నా..." అని మొదలుపెట్టారు. నేను తలొంచుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఆయన పేపరు తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయారు. పద్దెనిమిదేళ్ళలో ఆయన ఒక ప్రశ్న మొదలుపెట్టి వదిలెయ్యడం అదే మొదలు. నేను ఏదో దాస్తున్నానని ఆయనకి తెలిసిపోయింది. ఏం దాస్తున్నానో కూడా తెలిసే ఉంటుంది. ఆ గదిలోకి వెళ్ళి ఆయన ఒళ్ళో తలపెట్టుకుని ఏడవాలనిపించింది. వెళ్ళలేదు.

బుధవారం పొద్దున్నే కర్టెన్లు తగిలించాం. ఎదురు మేడ కనపడటం మానేసింది. హాలు కొంచెం చీకటిగా, ఎవరిదో ఇల్లులా అనిపించింది. రెండో పాట మధ్యలో నా ఫోను మోగీ మోగకుండా ఆగింది. టైలరమ్మే పాట ఎత్తుకుని ఉంది. నా వైపు చూసింది. చరణం పూర్తిచేసి, పల్లవి మిగతావాళ్ళకి వదిలేసి, మంచినీళ్ళకి వెళ్ళినట్టు లేచి వెనక్కి వెళ్ళింది. నేను పాట అందుకున్నాను. నాకు శ్రుతి లేదు, అందరికీ తెలుసు. ఆ రోజు అందరికంటే గట్టిగా పాడాను.

ప్రార్థన అయ్యాక టైలరమ్మ ఏదని ఎవరో అడిగితే, మొహం కనపడనీకుండా కుర్చీలు సర్దుతూ, తలనొప్పని ముందే వెళ్ళిందన్నాను. ఒకరొకరుగా అందరూ మెట్లు దిగారు. ఒంటిగంటకి వ్యాను ఆగింది. హారను రెండుసార్లు మోగింది. తర్వాత బూట్ల చప్పుడు మెట్లమీద వినిపించింది. మా ఆయన తన గదిలోంచి పుస్తకం చేతిలో పట్టుకునే బయటికొచ్చారు.

"మా ఆవిడేది అయ్యగారూ?" అన్నాడు అతను, హాలంతా చూస్తూ. ఖాళీ కుర్చీ మీద ఆమె గుడ్డపీలికల సంచి ఉంది. అది చూశాక అతని మొహం మారింది.

"నేను చూళ్ళేదు. లోపల చదువుకుంటున్నాను," అన్నారు మా ఆయన. అది నిజమే.

అతను నా వైపు తిరిగాడు. "ఆడవాళ్ళ ప్రార్థన కదా. అమ్మగారికి తెలుస్తుంది."

నేను చేతిలో ఉన్న పాటల పుస్తకాలు అంచులు కలిపి సర్దడం మొదలుపెట్టాను. నేను అబద్ధమాడితే నా మొహం చూసిన చంటిపిల్లకి కూడా తెలిసిపోతుంది. అతను ఒక అడుగు ముందుకేశాడు.

మా ఆయన మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడ్డారు. మైకు లేనప్పటి గొంతుతో, నెమ్మదిగా అన్నారు.

"మా ఆవిడ నా దగ్గర ఏదీ దాచదయ్యా. ఆమెకి తెలిస్తే ఈపాటికి నాకు తెలిసేది. నాకు తెలిస్తే నీకు తెలిసేది. పోయినసారి తెలియలేదూ?"

అతను ఆయన మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. నమ్మాడు. నమ్మకుండా ఉండటానికి అతనికి కారణమేమీ లేదు, మా ఆయన నోరు ఎలాంటిదో అతనికంటే బాగా ఎవరికి తెలుసు? సంచి లాక్కుని, రెండేసి మెట్లు దిగుతూ వెళ్ళిపోయాడు. వ్యాను వాళ్ళ ఇంటివైపు తిరిగిన చప్పుడు వినిపించింది. బస్టాండు అటు కాదు.

మా ఆయన కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఎక్కడికి వెళ్ళిందని అడుగుతారేమోనని భయపడ్డాను. అడిగితే చెప్పేస్తానని అంతకంటే భయపడ్డాను. ఆయన అడగలేదు. నా వైపు చూడలేదు కూడా. ఎప్పటికో లేచి, వెనక మెట్ల తలుపు ఓరగా ఉండిపోతే వెళ్ళి గడియ వేసి వచ్చి, "అన్నం పెడతావా?" అన్నారు.

ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. నేను ఆయన దగ్గర ఏదీ దాచనన్న మాట అబద్ధమని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. వానలు మొదలయ్యేనాటికి అది నిజం.